సాగనంపిన దూరం

నమోదు 61

కుళాయిలో మళ్లీ ఉప్పునీళ్లే. వడపోత యంత్రం పొద్దున్నే మొండికేసింది. నెత్తిమీద రెండు మొట్టికాయలు వేస్తే చెంబెడు మంచినీళ్లు ఇచ్చి మళ్లీ పడుకుంది. స్నానం అయిందనిపించుకుని ఆఫీసుకొచ్చాను. వచ్చీ రాగానే తెర మీద పేరుకున్న ఉప్పు తుడుచుకోవడం సరిపోయింది. ఈ ఊళ్లో సగం జీతం తుడవడానికే ఇస్తారనుకుంటాను.

మా కేంద్రం పని పోలీసుల చొక్కాల మీది బొత్తాలని పరిశీలించడం. బొత్తాం అంటే కెమెరాయే. చూస్తుంది, వింటుంది, చూసినదానికి తనే మార్కులు వేస్తుంది. పాత ఊరు సముద్రంలో కలిసిపోయి ఈ కొత్తరేవు కట్టుకున్నాక వచ్చిన చట్టం ప్రకారం బొత్తాం చూసిందే సాక్ష్యం. అది చూడనిది కోర్టు దృష్టిలో జరగలేదు. బొత్తాం పెడితే పోలీసు చెయ్యి నిజంగా తగ్గుతుందా లేదా అన్నది మేము తేల్చి చెప్పాలి.

అందుకని ఊరిని రెండు చేశాం. కాలవకి ఇటున్న గిడ్డంగుల వార్డులో పోలీసులందరికీ బొత్తాలు. అటున్న ఉప్పుమిట్టలో ఒక్కరికీ లేదు. పోల్చి చూడాలంటే లేనివాళ్లు కూడా ఉండాలి కదా. ఎవరికి ఉండాలో, ఎవరికి ఉండకూడదో చీటీలు వేసి తీశాం. ఇటు పోలీసు అటు వెళ్తే వంతెన మధ్యకి రాగానే బొత్తాం దానంతటదే ఆరిపోతుంది. లేకపోతే పోలిక పాడైపోతుందని మా బెంగ. మా కాగితాల్లో ఉప్పుమిట్ట పేరు 'పోలిక వార్డు'. అక్కడివాళ్లు మాత్రం గుడ్డిపేట అంటారు.

మా అక్క అచ్చియ్యమ్మని అప్ప అంటాను. అప్ప కాపురం ఇటువైపే. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా నాకు గుండె నిబ్బరంగా ఉంటుంది. దాచుకోవడం ఎందుకు, చీటీ విప్పిన రోజు లోపల్లోపల సంతోషించాను.

నమోదు 63

ఈ నెల మార్కులు వచ్చాయి. గిడ్డంగుల వార్డు వెలిగిపోతోంది. దెబ్బలు లేవు, తిట్లు లేవు, ఫిర్యాదులు సున్నా. డైరెక్టర్ అనసూయ మేడం అందరికీ జీడిపప్పు పాకం పంచారు.

మార్కులు వేసే ప్రశ్నల పట్టిక మొదట బయటి దేశం నుంచి తెచ్చుకున్నాం. చెయ్యి చేసుకున్నాడా, గొంతు పెంచాడా, కారణం చెప్పాడా, అలాంటివి. ఓ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మేడం అన్నారు, ఇందులో మన మర్యాద ఎక్కడుందీ అని. మన ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే వదిలేస్తామా? వీధి చివరిదాకా మాట్లాడుకుంటూ వెళ్లి సాగనంపి వస్తాం. స్టేషన్‌కి తీసుకొచ్చిన మనిషిని వదిలేటప్పుడు పోలీసు సాగనంపాడా, ఎంత దూరం సాగనంపాడు, అది కూడా కొలవాలన్నారు. ఎంత దూరమైతే అన్ని మార్కులు. మేమంతా చప్పట్లు కొట్టాం. నేను పెరుగన్నం చేత్తోనే కొట్టాను.

మార్కులు బాగుంటే పోలీసులకి కోరుకున్న చోటికి బదిలీ. ఇంక చూడండి వాళ్ల మర్యాద. దొంగని కూడా 'అయ్యగారూ, తమరు కాస్త జీపెక్కుతారా' అనే అడుగుతున్నారు. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, జనం మర్యాదంటే జడుసుకుంటున్నారు. మా వీధిలో ఒక పిల్లాడు అన్నం తినకపోతే వాళ్లమ్మ 'తినండి బాబుగారూ' అంటుంది. వాడు కిక్కురుమనకుండా మింగేస్తాడు. దీన్ని ఏ ప్రశ్న కింద రాయాలో తెలియక రాయడం మానేశాను.

నమోదు 66

సెలవు. బావ వచ్చి మా మేడ మీద పలకలు కడిగి వెళ్లాడు. బావ అంటే అప్ప మొగుడు, సన్యాసిరావు. ఊళ్లో కరెంటంతా ఎండపలకలదే కాబట్టి, వాటిమీద పేరుకునే ఉప్పు కడిగేవాళ్లకి ఊపిరాడనంత పని. గిడ్డంగుల స్టేషను మేడ మీదివీ బావే కడుగుతాడు.

కిందికి దిగి, టీ గ్లాసు పట్టుకుని, ఎప్పుడూ లేనిది నెమ్మదిగా మాట్లాడాడు.

"మరదలా, స్టేషను మేడెక్కితే నాకు అవతల ఉప్పుకొట్టాలు కనిపిస్తాయి. ఈల్లు దండాలెట్టి మరీ వంతెన దాటిస్తన్నోల్లని ఆ కొట్టాల ఎనక ఏటి సేస్తన్నారో నీకు తెల్సా?"

"అవతల కెమెరా లేదు కదా బావా. ఎలా తెలుస్తుంది?"

"నాకు కల్లున్నాయి కదే."

"నీ కళ్లకి మార్కులెయ్యడం రాదు కదా" అన్నాను ఆటపట్టిస్తూ. మేమిద్దరం ఎప్పుడూ ఇంతే.

బావ నవ్వాడు గానీ మాట వదల్లేదు. "మొన్నొకడు లెగనేదు. కాల్లట్టుకుని ఈడ్సుకెల్లిపోనారు. అంతకుముందు ఇద్దరు. నువ్వు సదువుకున్నదానివి, మీవోల్లకి సెప్పు. నానెవుడికి సెప్పగల్ను?"

ఆ తర్వాత నవ్వలేకపోయాను. సాగనంపడాలన్నీ తీసి పటం మీద పరిచి చూశాను. మొదట్లో వీధి మలుపు దాకా, టీకొట్టు దాకా, బస్సు దాకా ఉండేవి. ఇప్పుడు అన్నీ వంతెన వైపే. ఇంటికెళ్లే మనిషి ఇల్లు ఏ దిక్కునున్నా సరే, సాగనంపేది మాత్రం వంతెన దాకానే. స్టేషన్‌కి అన్నిటికంటే దూరం అదే. పదికి పది మార్కులు వచ్చేదీ అక్కడే.

నమోదు 67

సందేహాల పత్రం పంపాను. మా నియమం ప్రకారం కొలతలో ఏదైనా తేడా కనిపిస్తే పోలీసు శాఖని రాతపూర్వకంగా అడగాలి, సమాచారం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. బావ పేరు రాయలేదు. 'స్టేషను పైకప్పు మీద పనిచేసే ఒక వ్యక్తి చూసినట్టు చెప్పారు' అని మాత్రం రాశాను. వెంటనే జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉందట, శ్రద్ధ చూపినందుకు కృతజ్ఞతలట.

నమోదు 71

బావ ఇంటికి రాలేదు.

అప్ప నిన్ననే ఫోన్ చేసింది. ఏ మేడ మీదో పని ఆలస్యమై ఉంటుందన్నాను. ఇవాళ తనే ఆఫీసుకొచ్చింది. మెట్ల మీద కూర్చుని, లోపలికి రమ్మంటే రాలేదు.

"స్టేషనోల్లు పిలిసినారంట. టీకొట్టు కాడ నుంచి తోలుకెల్లినారంట. సూసినోల్లు సెప్పినారు. పేరెట్టి, గారూ అని పిలిసినారంటే ముసిల్దీ..."

'ముసిల్దీ' అని నన్ను చిన్నప్పటినుంచీ అలాగే పిలుస్తుంది. ఆ మాటతోనే చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

స్టేషను మేడ మీది పలకలు కడిగేది ఊళ్లో ఒక్కడే. ఆ సంగతి పత్రం రాసేటప్పుడు నా బుర్రకి తట్టలేదు. బుద్ధిలేనిదాన్ని. పేరు రాయకపోతే మనిషిని దాచినట్టే అనుకున్నాను.

నమోదు 72

దృశ్యం దొరికింది. అందరివీ మేము చూడం. బొత్తాం వేసిన మార్కులే మాకు చేరతాయి. ఏ కొన్నిటినో తీసి సరిచూస్తాం. బావది ఎవరూ తియ్యలేదు. అవసరం లేకపోయింది, పదికి పది వచ్చాయి.

తలుపేసుకుని చూశాను. పట్టపగలు. ఎస్సై తవిటినాయుడి చొక్కా మీది బొత్తాం. బావ చేతుల్లో మంచినీళ్ల గ్లాసు. ఎస్సై గొంతు వినిపిస్తుంది, చాలా మెత్తగా.

"పదండి సన్యాసిరావు గారూ, సాగనంపుతాం."

"వొద్దండి బాబూ, మా ఇల్లు ఇటేనండి."

"అలా అంటే ఎలాగండీ? మర్యాద మర్యాదే కదా."

"మా ఇల్లు ఇటేనండి. నానెల్లిపోతానండి."

ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ముందొకరు, వెనకొకరు, పక్కన ఎస్సై. పెళ్లివారిని తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్లారు. దారిలో బావ మరో రెండుసార్లు చెప్పాడు, మా ఇల్లు ఇటు కాదండి అని. వంతెన ఎక్కాక ఆగిపోయాడు. తల తిప్పి ఎస్సై మొహం కేసి కాదు, చొక్కా కేసి చూశాడు. బొత్తాంలోకి చూశాడు. నవ్వుతున్నాడు. బావకి భయమేస్తే వచ్చే నవ్వు అది, మా ఇంట్లో అందరికీ తెలుసు.

"మరదలా, సూస్తన్నావా? మా ఇల్లు ఇటు కాదు కదే. నువ్వైనా సెప్పవే ఈల్లకి."

రెండు చేతులూ జోడించాడు. మరో నాలుగడుగులు వేశారు. బొత్తాం ఆరిపోయింది.

కింద మార్కులు. బలప్రయోగం: లేదు. చిరునవ్వు: ఉంది. నమస్కారం: ఉంది. చుట్టరికపు పలకరింపు: ఉంది. సాగనంపిన దూరం: గరిష్ఠం.

నేను చూస్తాననుకున్నాడు బావ. ఆ కెమెరాల వెనక నేను కూర్చుంటానని, అందరినీ చూస్తూ ఉంటానని అనుకున్నాడు. బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఉప్పునీళ్లతో మొహం కడుక్కుంటే కళ్లు ఇంకా మండాయి.

నమోదు 74

అప్పతో స్టేషన్‌కి వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. కుర్చీలు వేయించి, ఫ్యాను మా వైపు తిప్పించాడు.

"మీవారిని ఎంతో గౌరవంగా పంపించామమ్మా. కావాలంటే తమరే చూడండి."

అంత పెద్ద గోడ తెర మీద బావ మొహం వేశాడు. అప్పకి నేను ముందే చెప్పి ఉండాల్సింది. ధైర్యం చాల్లేదు. బావ 'మరదలా' అన్నప్పుడు అప్ప తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపుకంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

"ఫిర్యాదు రాసుకోండి" అన్నాను.

"తప్పకుండానండి. ఫిర్యాదు చేసేవారు ముందు దృశ్యం మొత్తం చూశామని వేలిముద్ర వెయ్యాలి. తర్వాత అందులో తప్పు ఎక్కడ జరిగిందో ఆ చోటు ఆపి చూపించాలి. తమరు ఆపండమ్మా, మేం రాసుకుంటాం."

అప్ప చేతికి మీట ఇచ్చాడు. అప్ప మొదటినుంచీ చూసింది. వంతెన మీద ఆపింది. తెర మీద బావ నవ్వుతూ దండం పెడుతున్నాడు.

"ఇక్కడేం జరిగిందమ్మా?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

"ఆడు బయపడతన్నాడు బాబూ. కనిపించట్లేదా?"

"నవ్వుతున్నారు కదమ్మా."

అప్ప మీట బల్లమీద పెట్టేసింది. ఫిర్యాదులు సున్నా ఎలా అయ్యాయో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఆ సున్నాకి మేం పాకం పంచుకుని తిన్నాం.

నమోదు 75

వంతెన దాటాం, నేనూ అప్పా. ఉద్యోగంలో చేరాక ఉప్పుమిట్టలో అడుగు పెట్టడం నాకిదే మొదలు. పోలిక వార్డులోకి మావాళ్లు వెళ్లకూడదని నియమం. వెళ్తే అక్కడివాళ్ల ప్రవర్తన మారుతుందట.

ఉప్పుకొట్టాల వెనక ఏమీ లేదు. తడి ఉప్పు, చక్రాల జాడలు, కాలవ. పక్కనే గుడిసె ముందు కోటమ్మ అనే పెద్దావిడ రొయ్యలు ఒలుస్తోంది. బావ ఫొటో చూపిస్తే అప్పని తేరిపార చూసింది.

"నీ పెనిమిటా?"

"అవునమ్మా."

"వంతెన దిగినోల్లని మేం సూడం తల్లీ. సూసినామని సెప్తే ఇనేవోల్లు నేరు. సూసినామని తెలిస్తే వదిలేవోల్లు నేరు. బొత్తాలున్న కాడ కొట్టడం మానీసినారంట కదా. ఆ కొట్టేదంతా ఇక్కడ దింపుకుంటన్నారు."

అప్ప అక్కడే కూలబడిపోయింది. కోటమ్మ రొయ్యల చేతులు కడుక్కుని వచ్చి, అప్ప పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఇంటికెల్లు తల్లీ. ఎదురు సూడకు." ఆ మాట చాలా చిన్నగా చెప్పింది. అప్ప కేక పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఎవరి చొక్కా మీదా ఏ కన్నూ లేదు కాబట్టి, మా అప్ప అలా ఏడ్చిందన్నది కూడా జరగలేదు.

నమోదు 79

అనసూయ మేడం గదిలో కూర్చుని అంతా చెప్పాను. బావ దృశ్యం చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు సుఖంగా ఉండేది, తిట్టుకునేదాన్ని.

"నూకరత్నం, నాకూ కడుపు తరుక్కుపోతోంది. కానీ వంతెన అవతల ఏం జరిగిందో మన దగ్గర లేదమ్మా."

"పోలిక కోసం మనం తెప్పించే ఆసుపత్రి కాగితాల్లో అవతల దెబ్బల లెక్క రెట్టింపైంది కదా మేడం. ఆ దెబ్బలు తింటున్నది ఇటు మనుషులే. మనం దూరానికి మార్కులిచ్చాం, వాళ్లు దూరం తీసుకెళ్లారు. ఇటు తగ్గిందీ, అటు పెరిగిందీ ఒకటే."

"చూపించు."

"ఎలా చూపిస్తాను? చూపించడానికి వీల్లేకుండా కట్టింది మనమే."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ప్రభుత్వం నిన్ననే ఫలితం అడిగిందని చెప్పారు. రెండు వార్డుల మధ్య ఇంత తేడా ఎక్కడా రాలేదని వాళ్లు పొంగిపోతున్నారట. ఊరంతా బొత్తాలు పెడతారట.

"ఉప్పుమిట్టలో కూడానా?" అన్నాను. ప్రాణం లేచొచ్చింది. బావ రాకపోయినా, ఇంకెవరినీ ఆ వంతెన దాటించకుండా ఆగుతుంది కదా అనుకున్నాను.

"ఉప్పుమిట్ట అలాగే ఉంటుంది. బొత్తాలు పనిచేస్తున్నాయో లేదో ఏటేటా కొలవాలంటే, లేని చోటు ఒకటి ఎప్పటికీ ఉండాలన్నారు. పద్ధతిగా చూస్తే తప్పు లేదు, నీకు తెలియనిదేముంది."

తెలుసు. పద్ధతిగా చూస్తే తప్పు లేదు. ఆ పద్ధతి కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలకి నేనే పాఠం చెప్పాను.

"సాగనంపే ప్రశ్న అయినా తీసేయించండి మేడం."

"దానిమీదే మంత్రిగారికి మోజు. మన సంస్కృతి అంటున్నారు."

నమోదు 83

ఇక ఇదే చివరి నమోదు. రేపటినుంచి ఆఫీసుకి వెళ్లను. వెళ్లకపోతే ఆగేదేమీ లేదు, నా కుర్చీలో కూర్చోవడానికి నాకంటే చురుకైనవాళ్లు వరసలో ఉన్నారు. అయినా వెళ్లలేను.

సాయంత్రం అప్ప ఇంటికెళ్లాను. బొట్టు తియ్యలేదు. తీస్తే పోయాడని ఒప్పుకున్నట్టు, ఉంచుకుంటే వస్తాడని నమ్మినట్టు. ఏదీ చెయ్యలేక కూర్చుంది. పోయాడని రాసిచ్చేవాళ్లు లేరు, ఉన్నాడని చెప్పేవాళ్లు లేరు. సర్కారు లెక్కలో బావ ఇప్పటికీ వంతెన మీద దండం పెడుతూనే ఉన్నాడు.

నాతో మాట్లాడదేమో అనుకున్నాను. అన్నం పెట్టింది. తింటుంటే అడిగింది.

"ముసిల్దీ, మీ లెక్కలో మనుషుల్ని గడులు గడులుగా ఏస్తారు కదా. మీ బావని ఏ గడిలో ఏసినారు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోటికి రాలేదు.

"మేలు జరిగినోల్ల గడిలో, అప్పా."

అప్ప గిన్నె పక్కకి జరిపింది. మా నాన్న పోయినప్పుడు కూడా అప్ప మొహం అలా అవడం నేను చూడలేదు.

"అందులోంచి తీసీ."

"అప్పా..."

"ఆడు బతికున్నాడో నేదో నాకు సెప్పలేవు. ఆ యెదవల్ని ఏటీ సెయ్యలేవు. ఆడి పేరు సెప్పుకుని ఆల్లు సంబరపడకూడదు. తీసీయే. అదొక్కటి సెయ్యి."

లెక్కల్లోకి వెళ్లే అనుమతి ఈ అర్ధరాత్రి దాకా నాకుంది. అక్కడే, అప్ప మంచం మీద కూర్చుని యంత్రం తెరిచాను. వేలమంది. వాళ్లలో మనిషికొక వరస. బావ వరస దొరికింది. మొదట్నుంచీ చివరిదాకా మంచి మార్కులే. దాన్ని తీసేసి, లెక్క మళ్లీ మొదటినుంచీ నడిపించాను. అప్ప నా భుజం మీంచి తెరలోకి చూస్తూనే ఉంది.

"తీసీసినావా?"

"తీసేశానప్పా."

"ఏటైంది?"

రెండుసార్లు సరిచూశాను. దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె దాకా చూశాను.

"ఏటీ అవ్వనేదప్పా" అన్నాను. "ఏటీ మారనేదు."